సాధనకు ఒక గది కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, అతని నలుగురు మిత్రులు కలిసి రెండేళ్లుగా ప్రోగ్రెసివ్ మెటల్ అనే, గిటార్లు, డ్రమ్స్‌తో గట్టిగా మోగే ఒక రకం రాక్ సంగీతం సాధన చేస్తున్నారు. ఈ ఒక్క ఏడాదిలోనే వాళ్లు మూడు చోట్లు మారవలసి వచ్చింది. మేడ మీద వాయిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగింది, కిరాయికి తీసుకున్న మడిగెను యజమాని నెల తిరగకుండానే ఖాళీ చేయించారు, ఫంక్షన్ హాల్ వారు అడిగిన కిరాయి విద్యార్థులు కట్టగలిగేది కాదు. వీరెవరినీ నేను తప్పుపట్టను. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. డ్రమ్స్ చప్పుడు నూరు డెసిబెళ్లను తేలికగా అందుకుంటుంది. అలాగని పిల్లల చేత వాయిద్యాలను మూలన పెట్టించడం నాకు మనసొప్పదు.

వీళ్లు గురువులుగా భావించే అమెరికా ప్రోగ్రెసివ్ మెటల్ బృందం డ్రీమ్ థియేటర్ ప్రస్థానాన్ని తెలుసుకున్నాక నా అభిప్రాయం మరింత గట్టిపడింది. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో జాన్ పెట్రూచి, జాన్ మ్యూంగ్, మైక్ పోర్ట్‌నాయ్ అనే ముగ్గురు విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. 1989లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ఆ తర్వాత గాయకుడు కూడా దూరమయ్యాడు. కెనడాకు చెందిన జేమ్స్ లబ్రీ 1991లో చేరేదాకా, పాడే మనిషి కోసం వెతుకుతూనే వాళ్లు పాటలు కట్టుకున్నారు, సాధన ఆపలేదు. 1992 నాటి రెండో ఆల్బమ్‌లోని ఎనిమిది నిమిషాల పాట అమెరికా రేడియోల్లో మోగిందంటే ఆ ఓపికే కారణమని నా నమ్మకం. 2010లో పోర్ట్‌నాయ్ వెళ్లిపోతే ఏడుగురు డ్రమ్మర్లను పిలిచి, వాయింపజేసి, మైక్ మాంజినీని ఎంచుకున్నారు. 2023లో పోర్ట్‌నాయ్ మళ్లీ వచ్చి చేరారు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వాళ్ల సాధన స్థలం. 2019 నాటి ఆల్బమ్ కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటిసెల్లోలో, స్టూడియోగా మార్చిన ఒక పల్లె కొట్టంలో అందరూ కలిసి ఉండి పాటలు కట్టారు. ఆ తర్వాత లాంగ్ ఐలాండ్‌లో సొంత చోటు ఏర్పరచుకున్నారు. అక్కడ తయారైన 2021 ఆల్బమ్‌లోని పాటకే మరుసటి ఏడాది వాళ్లకు తొలి గ్రామీ పురస్కారం దక్కింది. అంటే బృందం పుట్టిన ముప్పై ఏడో ఏట.

అదే 2022లో మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి పద్మశ్రీ ప్రకటించారు. కిన్నెరయినా, డప్పయినా, గిటారయినా చేతికి పట్టుబడాలంటే రోజూ గంటల తరబడి వాయించాలి. అందువల్ల నేను అడిగే గది మెటల్ వాయించే పిల్లల కోసం మాత్రమే కాదు, డప్పు బృందాలకు, ఒగ్గు కళాకారులకు కూడా.

పట్టణంలో సాయంత్రం ఐదు దాటితే తాళం పడే ప్రభుత్వ భవనాలు ఎన్నో ఉన్నాయి. ఇళ్లకు కొంత దూరంగా ఉన్న అలాంటి భవనంలో ఒక్క గదిని ఐదు నుంచి తొమ్మిది వరకు, గంటకు నామమాత్రపు రుసుముతో, పేర్లు రాసుకుని వంతులవారీగా ఇవ్వాలని మున్సిపల్ అధికారులను, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చప్పుడు బయటికి పోకుండా గోడలకు, తలుపులకు చేయించవలసిన పనిలో కొంత ఖర్చు భరించడానికి మా ఐదుగురు పిల్లల తల్లిదండ్రులం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామగిరి, నల్లగొండ