గడ్డకట్టిన కొబ్బరినూనె

చి॥ సౌ॥ అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మాట్లాడే పది నిమిషాల్లో తొమ్మిది మీ అమ్మ తీసుకుంటుంది. మిగిలిన నిమిషంలో బీపీ మాత్ర వేసుకున్నావా అని నువ్వడుగుతావు, వేసుకున్నానని నేను అబద్ధం చెబుతాను. అందుకని రాస్తున్నాను. పక్కింటి కుర్రాడు దీన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. నా దస్తూరీ అర్థం కాకపోతే వాణ్ణి అనకు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను. మీ అమ్మ ఒక్కసారి చూసి "పిల్ల చిక్కిపోయింది" అంది. వీడియోలో నువ్వు లేవు, నీ చెయ్యి ఓ క్షణం అడ్డమొచ్చింది. ఆ చెయ్యి చూసి అంది.

"నాన్నా, నీ సైకిలు పంపు ఇక్కడ హీరో" అని రాశావు. బ్యాండు మేళంలో నేను ఊదే ట్రాంబోన్‌ని, గొట్టం ముందుకీ వెనక్కీ లాగుతానని, ఊళ్ళో పిల్లలు సైకిలు పంపు అంటే నువ్వు వాళ్ళతో దెబ్బలాడి ఏడుస్తూ వచ్చేదానివి. ఇప్పుడు నువ్వే అంటున్నావు. పోన్లే.

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా ఐదారు గంటలు కారు తోలుకుంటూ పోయి, ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో పచ్చిక మీద దుప్పటి పరుచుకుని, పైసా ఇవ్వకుండా అంత వాద్యం విన్నారంటే అదృష్టవంతులు. వాయించేవాళ్ళని లెక్కపెట్టాను. ట్రాంబోన్, ట్రంపెట్, క్లారినెట్, శాక్సఫోన్, కొండచిలువలా ఒంటికి చుట్టుకునే ఆ సూసఫోన్, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, ఓ బాంజో. ఆ బాంజో ఒక్కటీ తీసేస్తే అచ్చం మా బ్యాండు మేళమే. ఎర్రకోట్లు లేవు, అంతే తేడా.

ఇంకో మాట, అల్లుడుగారితో అనకు. అక్కడ జనమంతా రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు కొడుతున్నారు. ఒక్కరు మాత్రం ఒకటికీ మూడుకీ, భజనలో కొట్టినట్టు కొడుతున్నారు. ఫోనుకి బాగా దగ్గరగా వినబడుతోంది. నువ్వు ఫోను పట్టుకుని ఉన్నావు కాబట్టి నువ్వు కాదు.

ఇక అసలు సంగతి. నాలుగో నిమిషంలో నువ్వొక పొరపాటు చేశావమ్మా.

అప్పటిదాకా ఆ ట్రాంబోన్ ఆయన స్లైడుని, అంటే ఆ జారే గొట్టాన్ని, ముందుకీ వెనక్కీ తోస్తూ, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, జనాన్ని ఊపేస్తున్నాడు. ఉన్నట్టుండి స్లైడు మొత్తం లోపలికి లాక్కుని చెయ్యి ఆపేశాడు. ఆయన వంతు అయిపోయిందనుకున్నట్టున్నావు, ఫోను తిప్పేసి గొడుగులు పట్టుకుని ఆడుతున్న ఆడవాళ్ళ మీద పెట్టావు. గొడుగులు బాగున్నాయి, కాదనను, అంచుల్లో కుచ్చులు కూడా ఉన్నాయి. కానీ ఆ గొడుగుల వెనకాల వినబడే వాయింపంతా ఆయన చెయ్యి కదపకుండా వాయించింది. కనబడకుండా నీకెలా తెలిసిందంటావా? అందులో ఒక ని స్వరం ఉంది. మన ని కంటే కాస్త దిగుడుగా, తీపి తగ్గిన బెల్లంలా ఉంటుంది. స్లైడు కదలకుండా ఉంటేనే ఆ ని అలా పలుకుతుంది.

ట్రాంబోన్‌కి మెట్లుండవు, మీటలుండవు. తొమ్మిదడుగుల గొట్టాన్ని మడిచి, అందులో సగాన్ని జారేలా చేశారు. స్లైడు ఆగాల్సిన చోట్లు ఏడు. ఒక్కో చోటు దిగితే ఒక్కో స్వరస్థానం తగ్గుతుంది. గొట్టం మీద గీత ఉండదు. పైగా చోటుకీ చోటుకీ మధ్య దూరం ఒకటే కాదు, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. మా మాస్టారు మిలిటరీ బ్యాండులో చేసొచ్చిన మనిషి, మాట తక్కువ. తెల్లారగట్ల కాలవ గట్టు మీద నిలబెట్టి, స్వరం తప్పినప్పుడల్లా కొబ్బరి ఈనెతో నా మోచేతి మీద వేసేవాడు. కొంచెం తప్పితే మెల్లిగా, ఎక్కువ తప్పితే గట్టిగా. అలా నా మోచేతికి శ్రుతి తెలిసింది.

అది చేతి పని. పెదాల పని వేరు. స్లైడు ఉన్నచోటే ఉంచి పెదాలు బిగిస్తూ పోతే అదే గొట్టంలోంచి స, ప, పై స, గ, ప, ఆ దిగుడు ని, మళ్ళీ స వస్తాయి. ఇంకా పైకి పోతే స్వరాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఈ విద్య నాకు కొబ్బరినూనె నేర్పింది.

మా వాయిద్యాలు మీరట్‌లో జలీ కోఠీ నుంచి వచ్చేవి. స్లైడుకి రాసే నూనె మాత్రం అంబాజీపేటదే. కోనసీమలో కొబ్బరినూనెకి కరువా! ఎండాకాలం దివ్యంగా జారేది. ఒక మాఘమాసంలో కాలవ అవతల ఊళ్ళో పెళ్ళి, తెల్లవారుజామున ముహూర్తం. పదింటికి భోజనాలు పెట్టారు. గుమ్మడికాయ దప్పళం, బూరెలు. తినేసి, వాయిద్యాలు అరటితోట పక్కన నులకమంచం మీద పెట్టి ఓ కునుకు తీశాం. మంచు బాగా కురిసింది. రెండింటికి లేపి, పెళ్ళికొడుకు విడిదింట్లోంచి బయల్దేరుతున్నాడు, లేవండి లేవండి అన్నారు. స్లైడు లాగాను. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాను, వాయిద్యమంతా నా మీదికొచ్చింది గానీ స్లైడు కదల్లేదు. లోపల నూనె వెన్నముద్దలా గడ్డకట్టేసింది. పెట్రోమాక్స్ లైటు దగ్గర కాస్త కాచుకుందామంటే ఆ లైటు అప్పటికే ఓ మనిషి నెత్తిన కదిలిపోయింది.

చేసేదేముంది? చెయ్యి ఊరికే ఆడిస్తున్నట్టు నటిస్తూ, పెదాలకి దొరికిన ఆ ఐదారు స్వరాలతోనే అర మైలు నడిచాను. క్లారినెట్టు పాట ఎత్తుకుంటే, ఆ పాటలో నా దగ్గరున్న స్వరం ఎక్కడొస్తుందా అని కాచుకుని, అక్కడ టక్కున వేసేవాణ్ణి. పెళ్ళివారెవరికీ తెలియలేదు. మాస్టారు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. మర్నాడు వాటాలు పంచేటప్పుడు నాకు ఐదు రూపాయలు తగ్గించి, సాయంత్రం గట్టు మీదికి రమ్మన్నాడు. వెళితే స్లైడుని కొబ్బరి తాడుతో కట్టేశాడు. మూడు నెలలు అలాగే సాధన చేయించాడు.

ఆ మూడు నెలల్లో నాకు పట్టుబడనిది ఆ పార్కులో ఆయన నవ్వుతూ వాయించేశాడు. పై స్వరాలు దగ్గరపడే చోట రెండిటి మధ్యా పెదవిని వణికిస్తూ ఒక కంపితం వేశాడు చూడు, ఐదో నిమిషం మొదట్లో, నా ఒంటి మీద రోమాలు లేచాయి. జనం చప్పట్లు మాత్రం మళ్ళీ చెయ్యి కదిలాకే. ఇక్కడా అంతే.

ఇంకోటి, ఆయన దాన్ని మెల్లిగా వాయించాడు. ఆరుబయట మెల్లిగా వాయించాలంటే గుండెధైర్యం కావాలి. గోడలుంటే మన మోత మనకి తిరిగొస్తుంది. బయట అది పోతే పోయినట్టే, వినబడుతోందో లేదో అన్న భయంతో కుర్రాళ్ళు బలంగా ఊదేస్తారు, గంటకల్లా పెదాలు బూరెల్లా ఉబ్బుతాయి. నేనూ ఊదాను. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభ కౌశిక దాటేటప్పుడు, మొలలోతు నీళ్ళలో దిగి ఊదినవాణ్ణి. ట్రాంబోన్ కిందికి దింపితే స్లైడు నీళ్ళలో మునుగుతుంది. ఆకాశంలోకెత్తి వాయిస్తే నోట్లో చేరిన తేమంతా వెనక్కి గొంతులోకి! పదకొండు ప్రభలూ తోటలో చేరేసరికి నాకు మాట పోయింది.

పక్కింటి కుర్రాడి పుణ్యమా అని నెల్రోజులుగా యూట్యూబులో ఇదే పని. న్యూ ఆర్లీన్స్ జాజ్ వాళ్ళ తొలితరంలో కిడ్ ఓరీ అని ఒక ట్రాంబోన్ ఆయన, 1886లో పుట్టాడు. అప్పట్లో ప్రచారానికి మేళాన్ని బండి మీదెక్కించి వీధుల్లో తిప్పేవారట. ట్రాంబోన్ ఆయన్ని బండి వెనక తలుపు దగ్గర కూచోబెట్టేవారట, స్లైడు ఎవరి వీపుకీ తగలకుండా. నన్ను ఎప్పుడూ ముందువరసలో నడిపించేవారు కదా, మీ అమ్మ అది గొప్పనుకునేది. కారణం ఇదే.

ఆ ఊరూ మన ఊరిలాంటిదే, పెద్ద నది సముద్రంలో కలవబోయే చోటు. నువ్వు కూర్చున్న పార్కులోనే కాంగో స్క్వేర్ అనే చోటుంది. బానిసలుగా ఉన్న ఆఫ్రికా వాళ్ళు ఆదివారాలు అక్కడ చేరి డప్పులు వాయించుకునేవారు, తెలుసా? చావుకి మేళం వాళ్ళకీ ఉంది. మనం వెళ్ళేటప్పుడు వాయించి, వచ్చేటప్పుడు నోరు మూసుకుని వస్తాం. వాళ్ళు వెళ్ళేటప్పుడు మెల్లగా, ఏడుపులా వాయించి, తిరిగొచ్చేటప్పుడు హుషారెత్తిస్తారు. ఎందుకో నాకు వాళ్ళ పద్ధతే నచ్చింది. మీ అమ్మతో అంటే తిట్టింది.

ఆ పార్కు పక్క పేటే ట్రెమే. ట్రాంబోన్ షార్టీ, అంటే ట్రాంబోన్ పొట్టోడు, అనే వాయిద్యగాడిది అదే. 1986లో పుట్టాడు, మనకి గోదారి పెద్ద వరదొచ్చిన ఏడు. వాయిద్యం తనకంటే పొడుగున్న వయసులో పట్టుకున్నాడని ఆ పేరట. నాలుగేళ్ళకే అక్కడి జాజ్ ఉత్సవంలో వేదికెక్కించారు. నాలుగేళ్ళకి నువ్వు నా ట్రాంబోన్‌కి తగిలించి ఊదే నోటిముక్కని పలక సంచీలో పెట్టుకుని బడికి పోయావు, గుర్తుందా? ఆ పూట మేళం నేను లేకుండానే వెళ్ళింది.

నా ట్రాంబోన్ సంగతి నీకు సగమే తెలుసు. 1996 నవంబర్ 6 తుపానులో మేళం సామాన్లున్న పాక మీద కొబ్బరిచెట్టు పడింది. ట్రాంబోన్ గంట, అదే చివర విచ్చుకునే మూతి, అప్పడమైపోయింది. స్లైడుకి మాత్రం ఒక్క సొట్ట పడలేదు. దాన్ని పాత పంచెలో చుట్టి అటకెక్కించాను. నువ్వు అడిగినప్పుడు అమ్మేశానని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలీదు.

నీ వీడియో చూశాక మొన్న దింపాను. గంట లేని ఉత్త స్లైడుకి నోటిముక్క తగిలించి, పెరటి అరుగు మీద కూచుని ఊదాను. పైపళ్ళు నాలుగూ కట్టుడువి కదా, బిగువు కుదరదు. రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి అడుగు స పలికింది, కాస్త బొంగురుగా. మీ అమ్మ గిన్నెలు వదిలేసి గేదెల పాక వైపు పరిగెత్తింది, చూడిగేదెకి నొప్పులొచ్చాయేమోనని. రెండ్రోజులుగా ఇరుగుపొరుగందరికీ చెప్పి నవ్వుతోంది. అయినా రోజూ పొద్దున్నే ఊదుతున్నాను. నిన్న ప దాకా వచ్చింది.

దీపావళి సెలవులకి మళ్ళీ ఆ ఊరు వెళతామన్నావుగా. వెళితే ఈసారి వేదికకి ఎదురుగా కూర్చోకు, ఆయన కుడిచేతి పక్కకి పో. ఆయన చెయ్యి ఆపినప్పుడు ఫోను ఆయన మీదే ఉంచు, మూతి కనబడేలా. వచ్చేటప్పుడు స్లైడుకి రాసే నూనె చిన్న డబ్బా ఒకటి తీసుకురా, మాఘం చలికి గడ్డకట్టనిది. అన్నట్టు, అంత రాశావు గానీ ఆయన పేరు రాయలేదు. అడిగి తెలుసుకో.

ఆశీస్సులతో,
నాన్న