పాత కార్ల యాక్సిల్ నట్టుని ఉలితో కొట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

2020 అక్టోబర్ వానలకి మన హైదరాబాద్‌లో కార్లు ఎలా మునిగాయో అందరికీ తెలుసు, అలాంటి పాత బండ్లకి సీవీ జాయింటో (ఇంజిన్ తిప్పే బలాన్ని చక్రానికి అందించే కీలు) వీల్ బేరింగో (చక్రం సాఫీగా తిరిగేలా చేసే భాగం) మార్చాలంటే ముందు చక్రం మధ్యలో ఉండే ఆ పెద్ద యాక్సిల్ నట్టు ఊడాలి, తుప్పు పట్టి అది కదలదు, అప్పుడు చాలామంది ఉలి పెట్టి సుత్తితో బాదేస్తున్నారు. థ్రెడ్లు (మరలు) పోతే యాక్సిలే మార్చాలి కదండీ.

ఇంట్లో తీసేవాళ్లు బండి నేల మీద ఉండగానే నట్టు వదులు చేయాలి. జాకీ మీద పెట్టి లాగితే బండి జారి మన మీద పడొచ్చు, ప్రాణాల మీదకొస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్లకి రాళ్లు అడ్డం పెట్టి, ఇంట్లోవాళ్లని సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కించండి. నట్టు తిరగకుండా అడ్డంగా గుచ్చిన స్ప్లిట్ పిన్ను తీయాలి, పిన్ను లేని రకానికి నట్టు అంచు యాక్సిల్ గాడిలోకి నొక్కేసి ఉంటుంది, దాన్ని పైకి లేపకుండా బలం చూపిస్తే థ్రెడ్లు చెడిపోతాయి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆరు పలకల సాకెట్ పెట్టండి (పన్నెండు పలకలది జారుతుంది), పొడుగు హ్యాండిల్‌కి ఇనప పైపు తొడిగి నెమ్మదిగా బరువు వేయండి, ఇవన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి. గ్యాస్ మంట మాత్రం వద్దు, బేరింగ్ గ్రీజు, సీలు కాలిపోతాయి.

బిగించేటప్పుడు కొత్త నట్టే వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) టార్క్ రెంచ్‌తో (ఆ బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి.

మీ ఆటో పేజీలో కొత్త మోడళ్లతో పాటు ఇలాంటి రిపేర్లు కూడా బొమ్మలతో వేయండి, ప్లీజ్.

- ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్