ప్రోగ్రామింగ్‌లో తప్పులు దిద్దడం కూడా నేర్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. హనుమకొండలో పదేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆబ్జెక్ట్‌పై (పేర్లు, వాటి విలువలు జంటలుగా ఉండే పట్టికపై) లూప్ నడిపే, అంటే ఒక్కొక్కదాన్నీ వరుసగా తీసుకుని అదే పని మళ్లీ మళ్లీ చేయించే దగ్గర మన పిల్లలు ఏటా అవే తప్పులతో ఆగిపోవడం చూసి, తోటి అధ్యాపకులకు, మీకు ఒక మనవి చేయదలచి ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న ల్యాబ్‌లో ఒక విద్యార్థిని, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి రకాలను, వాటి క్వింటాలు ధరలను 'ధరలు' అనే ఆబ్జెక్ట్‌లో పెట్టి అందులోని పేర్లను ఒక్కొక్కటిగా 'రకం' అనే వేరియబుల్‌లోకి (విలువను దాచుకునే పేరులోకి) తెచ్చే ఫర్-ఇన్ లూప్ రాసింది. తేజ, వండర్‌హాట్, చపాటా అని పేర్లు సరిగ్గానే వచ్చాయి గానీ, ధర రావలసిన మూడు చోట్లా 'అన్‌డిఫైన్డ్' (అలాంటి విలువ లేదు) అని వచ్చింది. ఆమె 'ధరలు' పక్కన చుక్క పెట్టి 'రకం' అని రాసింది. చుక్క తర్వాత ఉన్నదాన్ని జావాస్క్రిప్ట్ ఉన్నదున్నట్టు ప్రాపర్టీ పేరుగానే, అంటే పట్టికలో ఉండే పేరుగానే తీసుకుంటుంది తప్ప, ఆ వేరియబుల్‌లో అప్పుడు తేజ ఉందా, చపాటా ఉందా అని చూడదు. "నీ పట్టికలో రకం అనే పేరుతో మిర్చి ఉందా అమ్మా?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, చుక్క తీసేసి 'రకం'ను చదరపు బ్రాకెట్లలో పెట్టింది. ధరలు వచ్చాయి. నేనే దిద్ది ఇచ్చి ఉంటే రికార్డులో ఎక్కించుకుని మరునాటికి మరిచిపోయేది.

మామూలు ఆబ్జెక్ట్‌పై ఫర్-ఆఫ్ (విలువలనే వరుసగా ఇచ్చే మరో లూప్) రాస్తే వెంటనే ఎర్రర్ వస్తుంది కనుక అది పెద్ద చిక్కు కాదు. ఎర్రర్ రాకుండా దాగి ఉండే తప్పులే పిల్లలను ఎక్కువ బాధపెడతాయి. పిన్‌కోడ్‌లను కీలుగా (ఆబ్జెక్ట్‌లో పేర్లుగా) పెట్టి వరంగల్ 506002ను ముందు, హనుమకొండ 506001ను తర్వాత రాసినా, లూప్‌లో 506001 ముందు వస్తుంది. ఇలాంటి అంకెల కీలు చిన్నదాని నుంచి పెద్దదానికి నడుస్తాయి. అర్రేపై (విలువల వరుసపై) ఫర్-ఇన్ వాడితే ఇండెక్స్ (వరుస సంఖ్య) అంకెగా కాక స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) వస్తుంది కాబట్టి, సున్నాకు ఒకటి కలిపిన చోట 01 కనిపిస్తుంది. పైగా ఫర్-ఇన్ ప్రోటోటైప్ (ఆబ్జెక్ట్‌కు వారసత్వాన్నిచ్చే మరో ఆబ్జెక్ట్) నుంచి వచ్చిన ప్రాపర్టీలను కూడా తెస్తుంది. కీని, విలువను జంటగా, ఆబ్జెక్ట్ సొంత ప్రాపర్టీల వరకే ఇచ్చే ఆబ్జెక్ట్.ఎంట్రీస్ జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణంలోనే వచ్చినా, నా దగ్గరికి వచ్చే విద్యార్థుల నోట్సుల్లో దాని ఊసే ఉండడం లేదు.

పరీక్షల్లో నిర్వచనాలు తగ్గించి, తప్పున్న ప్రోగ్రాం ఇచ్చి దిద్దమని అడగాలి. మీ చదువుల పేజీలో వారానికొక తప్పు ప్రోగ్రాంను, దాని దిద్దుబాటును తెలుగులో ప్రచురిస్తే, పరకాల, నర్సంపేట, ములుగుల నుంచి బస్సుల్లో వచ్చి చదువుకుంటూ ఇంగ్లిష్ ఎర్రర్లు చూసి బెదిరే పిల్లలకు ఎంతో ఆసరా అవుతుంది. అందుకు కావలసిన ప్రోగ్రాంలు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
హనుమకొండ