పాఠశాల వార్తాలేఖ: గుర్రపు స్వారీ సేఫ్టీ వెస్ట్‌ను ఈ ఏడాది కొలతకే కొనండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం రైడింగ్ క్లాసులో ఒక పాప గుర్రం మీంచి పడింది. ఆ సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాటలు నా దాకా వచ్చాయి. పాప పక్కటెముక విరిగిందని ఒకరు, గుర్రం తొక్కేసిందని ఇంకొకరు రాశారట. రెండూ నిజం కాదు. నేను అప్పుడు మైదానం అంచునే నిలబడి ఉన్నాను, కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

ఏడో తరగతి చదివే ఆ అమ్మాయి గుర్రాన్ని ట్రాట్‌లో (నెమ్మది పరుగులో) నడిపిస్తూ మూల తిరుగుతుండగా ఎడమ కాలు రికాబులోంచి జారింది. ఎడమ భుజం మీదుగా ఇసుకలో పడింది. గుర్రం నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పాప లేచి కూర్చుని, నోట్లో ఇసుక తుడుచుకుంటూ ముందుగా అడిగిన మాట: "మేడమ్, గుర్రానికేం కాలేదు కదా?" డాక్టరు గారు పూర్తిగా పరీక్షించారు. భుజం కమిలింది, గడ్డం కింద చర్మం గీసుకుపోయింది. అంతే. గురువారం నుంచి మామూలుగా బడికి వస్తోంది.

ఆ గడ్డం కింద గీత గురించే ఈ ఉత్తరం. అది ఇసుక వల్ల పడింది కాదు, ఆమె వేసుకున్న సేఫ్టీ వెస్ట్ (పడినప్పుడు ఛాతీని, వీపును కాపాడే చేతుల్లేని ఫోమ్ కోటు) వల్ల పడింది. అది అన్నయ్యది, ఆమెకు రెండు సైజులు పెద్దది. జీను మీద కూర్చున్నప్పుడు దాని వెనక అంచు జీనుకు ఆనుకుని, గుర్రం అడుగు వేసినప్పుడల్లా పైకి తన్నుకొస్తోంది. పడగానే వెస్ట్ మొత్తం పైకి జరిగింది. ముందు అంచు గడ్డానికి కొట్టుకుంది, వెనక భాగం హెల్మెట్‌ను కళ్ల మీదికి నెట్టింది, కింద పక్కటెముకల దగ్గర జానెడు మేర ఏ రక్షణా లేకుండా పోయింది. క్లాసు మొదలయ్యే ముందు అది మేము చూసి ఉండాల్సింది. చూడలేదు. అందుకు ఆ పాప అమ్మానాన్నలకు స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాను, మీకూ చెబుతున్నాను.

మర్నాడు రైడింగ్ క్లాసు పిల్లల వెస్ట్‌లన్నీ కొలిపించాను. ముప్పై నాలుగు వెస్ట్‌లలో ఒంటికి సరిగ్గా అమరినవి తొమ్మిది. ఆ కొలతలు తీసింది పదో తరగతి పిల్లలిద్దరు. వాళ్ల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఎవరూ చెప్పకుండానే టేపు తెచ్చుకున్నారు. ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు పట్టిక రాశారు. చిన్నపిల్లలు చక్కిలిగింతలని మెలికలు తిరుగుతుంటే ఓపికగా నిలబెట్టి మళ్లీ కొలిచారు. చివర్లో ఆ ఇద్దరిలో అమ్మాయి తన సొంత వెస్ట్ కూడా కొలిపించుకుని, "మేడమ్, నాదీ పొట్టిదైపోయింది" అని తన పేరు తానే ఎర్ర సిరాతో రాసింది. పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాను, వచ్చినప్పుడు చూడండి. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉన్నాయి.

ఇక మీతో ఒక మాట, దయచేసి తప్పుగా అనుకోకండి. "పిల్లలు ఊరికే పెరిగిపోతారు, ఒక సైజు పెద్దదే కొనేద్దాం" అనే అలవాటు స్కూలు చొక్కాకు సరిపోతుంది. చేతులు మడిచి తొడిగితే ఏడాది గడిచిపోతుంది. వెస్ట్ పని వేరు. పడినప్పుడు దెబ్బ ఒకచోట గుచ్చుకోకుండా లోపలి ఫోమ్ అదిమిపోయి ఆ బలాన్ని మింగాలి. ఒంటికి అంటుకుని ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఇది కిందటి సంవత్సరం నుంచీ చెబుతూనే ఉన్నాను, చెప్పిన రోజు అందరూ తలలూపారు కూడా.

ఎలా చూడాలో చెబుతాను. పల్చటి చొక్కా మీద వెస్ట్ తొడిగి, పట్టీలు బిగించి, పది నిమిషాలు అలాగే తిరగనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు ఫోమ్ బిర్రుగా ఉంటుంది, ఒంటి వేడి తగిలాక మెత్తబడి శరీరానికి అమరుతుంది. అప్పుడు పట్టీలు మళ్లీ సరిచేయండి. వెనక పైఅంచు మెడ మొదట్లో చేతికి గుండ్రంగా తగిలే ఎముక దాకా రావాలి. ముందు కింది అంచు ఆఖరి పక్కటెముక కన్నా కనీసం 2.5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఆ తర్వాత జీను మీద, జీను లేకపోతే ఎత్తు తక్కువ స్టూలు మీద కాళ్లు చెరో వైపు వేసి కూర్చోబెట్టండి. వెనక అంచు జీనుకు తగలకూడదు, ముందుకు వంగినప్పుడు ముందు అంచు గొంతుకు గుచ్చుకోకూడదు. చివరగా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. వెస్ట్ చెవుల దాకా వచ్చిందంటే అది ఆ బిడ్డది కాదు. ఊపిరి గట్టిగా పీల్చుకోవడానికి వీలుండాలి, అంతకు మించి వదులు వద్దు. కొనేటప్పుడు వయసు చెప్పకండి, కొలతలు ఇవ్వండి: ఛాతీ, నడుము, ముందు నడుము నుంచి భుజం మీదుగా వెనక నడుము దాకా పొడవు. ఈ మూడో కొలత ఎవరూ తీసుకోరు. మంగళవారం తేడా వచ్చింది అక్కడే.

లోపలి లేబుల్ చదవండి. గుర్రపు స్వారీ వెస్ట్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 13158. అందులో మూడు లెవెళ్లు ఉన్నాయి. లెవెల్ 1 తేలికైనది, రక్షణ తక్కువ, అది పందేల జాకీల కోసం. మన పిల్లలకు లెవెల్ 3 కావాలి. కొత్తగా కొంటే ప్రమాణం పక్కన 2018 అని ఉన్నది చూడండి, 2009 అని ఉంటే అది పాత ప్రమాణం కింద చేసింది. అమెరికాలో తయారైన వాటి మీద అక్కడి ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1937 అని ఉంటుంది. ఏ ప్రమాణమూ రాసి లేకపోతే, ఎంత అందంగా ఉన్నా, అది మామూలు కోటు కిందే లెక్క.

అందంగా ఉన్నవాటి మాట వచ్చింది కాబట్టి రోడియో (ఎగిరి దూకే ఎద్దుల, గుర్రాల మీద పడిపోకుండా నిలిచే అమెరికా పోటీ) వెస్ట్‌ల సంగతి కూడా చెప్పాలి. వీడియోలు చూసి ఇద్దరు అబ్బాయిలు తోలు అంచులు వేలాడే నల్ల వెస్ట్‌లు కొనిపించుకున్నారు. వాటి వెనక ఉన్న కథ చిన్నది కాదు. 1989లో అమెరికాలోని షయెన్ రోడియోలో లేన్ ఫ్రాస్ట్ అనే చాంపియన్ ఎద్దు మీద నిలవాల్సిన ఎనిమిది సెకన్లూ పూర్తిచేసి దిగాక, అదే ఎద్దు వీపు మీద కుమ్మడంతో చనిపోయాడు. అతని స్నేహితుడు, తోటి రైడర్ కోడీ లాంబర్ట్ ఆ తర్వాత జాకీల వెస్ట్‌ను చూసి ఎద్దు స్వారీకి తగినట్టు ఒకటి తయారుచేశాడు. ఇప్పుడు పెద్ద పోటీల్లో అది లేకుండా ఎవరూ ఎద్దు ఎక్కరు. కొమ్ము పోటు, డెక్క తొక్కుడు ఒకేచోట దిగబడకుండా ఆపడానికి చేసిన వెస్ట్ అది. మన పిల్లలకు ఉన్న ప్రమాదం వేరు: గుర్రం మీంచి నేల మీదికి, కంచె కమ్మీ మీదికి పడడం. కాబట్టి స్వారీ ప్రమాణం లేబుల్ లేని రోడియో వెస్ట్‌ను క్లాసులో అనుమతించలేను. ఆ అబ్బాయిల మొహాలు చిన్నబోయాయి, నాకూ బాధగానే ఉంది.

గాలి నిండే వెస్ట్ సరిపోతుందా అని ముగ్గురు అడిగారు. దాని పట్టీని జీనుకు తగిలిస్తారు. పడినప్పుడు పట్టీ లాగుకుని గ్యాస్ సీసాకు కన్నం పడి, రెప్పపాటులో వెస్ట్ ఉబ్బుతుంది. మంచి వస్తువే. కానీ దిగేటప్పుడు పట్టీ తీయడం మరిచిపోతే అక్కడే టప్పున ఉబ్బుతుంది, ఆ చప్పుడుకు గుర్రం బెదురుతుంది. ఈవెంటింగ్ అనే మూడంచెల స్వారీ పోటీల్లో, ఆరుబయట అడ్డంకులు దూకించే క్రాస్‌కంట్రీ అంచెకు మామూలు ఫోమ్ వెస్ట్ తప్పనిసరి, గాలి వెస్ట్ వేసుకుంటే దాని పైనే. మన దగ్గరా అదే పద్ధతి.

మరొకటి. వెస్ట్‌ను కారు డిక్కీలో ఎండకు వదిలేయకండి, వాషింగ్ మెషిన్‌లో వేయకండి, దాని మీద బ్యాగులు పెట్టకండి. మూడు వెస్ట్‌లలో ఫోమ్ ముద్దకట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచి, వెడల్పు హ్యాంగర్‌కు వేలాడదీయండి. గట్టిగా పడిన తర్వాత చేత్తో తడిమి చూడండి. అరగంటకు కూడా నొక్కు తేరుకోకపోతే ఆ చోట రక్షణ పోయినట్టే. మూడు నుంచి అయిదేళ్లకు మార్చాలి. అన్నయ్యది చెల్లెలికి ఇచ్చే ముందు కొన్న సంవత్సరం చూడండి.

రైడింగ్ క్లాసు ఆపేయమని పదకొండు మంది తల్లిదండ్రులు రాశారు. ఆపను. వెస్ట్ అన్నిటినీ ఆపదని నాకు తెలుసు. మెడను కాపాడదు, గుర్రమే వచ్చి పిల్లల మీద పడితే ఆ బరువును ఆపలేదు. అయినా ఆపను. తరగతిలో నోరు తెరవని ఆరో తరగతి బాబు ఒకడు గుర్రం చెవి దగ్గర నిలబడి పది నిమిషాలు కబుర్లు చెప్పడం నేను విన్నాను. కోపం పట్టలేక బెంచీలు తన్నే పిల్లవాడు, పగ్గాలు గుంజితే గుర్రం మాట వినదని తెలుసుకుని, ఈ ఏడాది ఒక్క గొడవకు కూడా పోలేదు. అయిదు క్వింటాళ్ల ప్రాణి తన మాట నమ్మి నడుస్తుంటే ఆ పిల్లల వెన్ను నిటారుగా నిలబడుతుంది. ఏ పాఠంలోనూ నేను వాళ్లకు అది ఇవ్వలేకపోయాను. పడతారు. పడినప్పుడు దెబ్బ తగ్గించే వస్తువు సరిగ్గా తొడిగి పంపడం మన చేతుల్లో ఉంది.

మిగతావి త్వరగా: యూనిట్ పరీక్షలు సోమవారం మొదలు. లైబ్రరీ పుస్తకాలు శుక్రవారం లోపు ఇచ్చేయండి. రెండో బస్సు ఇక పది నిమిషాలు ముందు వస్తుంది. ఐడీ కార్డులు మెడలో ఉండాలి, బ్యాగులో కాదు.

శనివారం ఉదయం తొమ్మిదికి గుర్రపుశాల దగ్గర వెస్ట్‌ల తనిఖీ. అమరని వెస్ట్ ఉన్నవాళ్లకు కొత్తది వచ్చేదాకా బడి వెస్ట్ ఇస్తాం, దానికి ఏమీ కట్టక్కర్లేదు. పిల్లల్ని కూడా తీసుకురండి. కిందటిసారి ఆరుగురు డ్రైవర్ చేత వెస్ట్ ఒక్కటే పంపించారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు