బెంగళూరు బీరు వస్తోంది, మన జొన్నకు చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీలకు, అంటే బీరును అక్కడికక్కడే తయారు చేసి అమ్మే చోట్లకు, 2015లో అనుమతి వచ్చింది. ఈ పదేళ్లలో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల అవి ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. బెంగళూరులో పేరు తెచ్చుకున్న సంస్థలు కూడా ఇప్పుడు ఇక్కడికి వచ్చి పెద్ద పెద్ద హాళ్లు తెరుస్తున్నాయి. జీహెచ్‌ఎంసీ పరిధి దాటి మిగతా కార్పొరేషన్లలోనూ లైసెన్సులిచ్చే దిశగా ప్రభుత్వం 2025లో అడుగులు వేసింది. రేపో మాపో వరంగల్‌లో, కరీంనగర్‌లో కూడా ఇవి కనిపిస్తాయి. మద్యం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. లైసెన్సు ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి, దానితో పాటు ఒక షరతో ఒక రాయితీయో పెట్టి మన రైతుకు అందులో వాటా ఇవ్వమని అడగడానికే ఈ లేఖ.

మాది జహీరాబాద్ ప్రాంతం, జొన్న పండించే కుటుంబం. ఈ బ్రూవరీల్లో వాడే సరుకు ఎక్కడిదని ఎవరైనా అడిగారా? బార్లీ రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ పొలాల నుంచి వస్తుంది. చేదు కోసం వేసే హాప్స్ అనే పూలు ఎక్కువగా జర్మనీ నుంచో అమెరికా నుంచో వస్తాయి. ఇక్కడివంటూ ఉన్నవి నీళ్లు, పనివాళ్లు మాత్రమే. ఏ బ్రూవరీకి వెళ్లినా మెనూ దాదాపు ఒకటే: జర్మన్ గోధుమ బీరు, బెల్జియన్ విట్, నల్లగా ఉండే స్టౌట్ ఒకటి, చేదెక్కువ ఉండే ఐపీఏ ఒకటి. అందరూ ఒకే సరుకుతో ఒకే రకం బీరు చేస్తే, కొత్తగా వచ్చినవాడు పాతవాళ్లతో దేనిమీద పోటీ పడాలి? ధరమీదే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనాలి, ఇన్ని గంటల వరకు సగం రేటు అనాలి. ఆ ఆఫర్ల వల్ల జనం ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగి బండి తీస్తారు. ఆ పోటీతో ఊరికి మేలు జరగదు. రుచిలో తేడా చూపించి గెలవాలనుకునే సంస్థకు దారి చూపడం ప్రభుత్వం చేతిలో ఉంది.

జొన్నతో బీరు అనేది ఎవరికో కొత్తగా తట్టిన ఆలోచన కాదు. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) దిగుమతిని నిషేధించింది. అక్కడి పెద్ద బ్రూవరీలన్నీ గత్యంతరం లేక జొన్నకూ మొక్కజొన్నకూ మళ్లాయి. ఉగాండాలో ఇంకా చక్కగా జరిగింది. 2002లో ఈగల్ లాగర్ అనే బీరును అక్కడే పండే ఎపురిపూర్ అనే తెల్ల జొన్న రకంతో చేసి మార్కెట్లోకి తెచ్చారు. స్థానిక పంట వాడినందుకు ప్రభుత్వం ఎక్సైజ్ తగ్గించింది, అందువల్ల ధర తగ్గింది, చిన్న రైతులకు కొనుగోలుదారు దొరికాడు. అంత దూరం ఎందుకు, పక్కనున్న మహారాష్ట్రనే చూడండి. 2001లో రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చింది. ఈరోజు వైన్‌కు నాసిక్ పేరు దేశమంతా తెలియడంలో ఆ ఒక్క నిర్ణయానిది పెద్ద పాత్ర. మనం మాత్రం బార్లీ వాడినా జొన్న వాడినా ఒకే ఫీజు, ఒకే సుంకం వేసి కూర్చుంటే ఏ వ్యాపారి మన పంట వైపు చూస్తాడు?

కష్టాలు లేవని నేను అనను. బార్లీ గింజకు పొట్టు ఉంటుంది. గింజను ఉడికించాక రసం వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. జొన్నకు అది లేదు, వడకట్టడం కష్టం. జొన్న పిండి ఉడకడానికి బార్లీ కన్నా ఎక్కువ వేడి కావాలి. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు కూడా జొన్న మాల్ట్‌లో తక్కువ. అందుకే మొత్తం జొన్నతోనే చేయమని ఎవరూ అడగడం లేదు. మూడో వంతు జొన్న, మిగతాది బార్లీ అయితే ఇప్పుడున్న యంత్రాలతోనే చేయవచ్చు. బెంగళూరులో కొందరు రాగులతో బీరు చేసి అమ్మారు కూడా. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్ట్ చేయడం మన ఇళ్లకు కొత్తేం కాదు, పిల్లలకు రాగి మాల్ట్ అలాగే చేస్తాం. దాన్నే పెద్ద ఎత్తున, ఒకే నాణ్యతతో చేసే కేంద్రం ఒకటి కావాలి. రాజేంద్రనగర్‌లో భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ, చిరుధాన్యాలతో వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు అండగా నిలిచే దాని న్యూట్రీహబ్ ఉన్నాయి. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. జొన్న మీద ప్రపంచానికే పాఠాలు చెప్పగల రెండు సంస్థలు నగరం అంచునే ఉండగా, నగరంలో తయారయ్యే బీరులో జొన్న గింజ కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒక బ్రూవరీ రోజుకు 1000 లీటర్లు తయారు చేస్తుందనుకుందాం. వంద లీటర్లకు సుమారు 20 కిలోల గింజ కావాలి, అంటే రోజుకు 200 కిలోలు. అందులో మూడో వంతు, అంటే సుమారు 67 కిలోలు జొన్న అనుకున్నా ఏడాదికి 245 క్వింటాళ్లు దాటదు. ఎకరాకు 8 క్వింటాళ్లు వస్తే 30, 31 ఎకరాల పంట. ఇది చూసి కొందరు, ఇంతేనా, దీనికోసం విధానం మార్చాలా అంటారు. నిజమే, దీంతో జొన్న రైతులందరి కష్టాలూ తీరిపోవు. కానీ పత్తి వైపు, సోయా వైపు వెళ్లిపోయిన మా ఊళ్లలో ఒక ఇరవై కుటుంబాలకు ముందే ఖాయమైన ధర ఉంటుందంటే అది చిన్న విషయం కాదు. 2025-26కు హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 3,699 రూపాయలు. కొనుగోలు కేంద్రం తెరవకపోతే ఆ ధర కాగితం మీదే ఉండిపోతుంది. వానాకాలం జొన్న కోతప్పుడు వాన పడితే గింజ నల్లబడి బూజు పడుతుంది, అది మాల్ట్‌కు పనికిరాదు. కానీ మా నల్లరేగడిలో యాసంగి జొన్న గింజ తెల్లగా, గట్టిగా వస్తుంది. మంచి గింజకు మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు ఉంటే రైతు ఆ శ్రద్ధ తప్పకుండా పెడతాడు. చొప్ప పశువులకు మిగులుతుంది, అది పత్తి ఇవ్వలేనిది.

బ్రూవరీలో మిగిలే పిప్పి సంగతి కూడా చెప్పాలి. వంద లీటర్ల బీరుకు దాదాపు 20 కిలోల తడి పిప్పి వస్తుంది. బర్రెలకు అది మంచి దాణా, కానీ ఎండలో ఒకటి రెండు రోజుల్లోనే పులిసి పాడవుతుంది. పాల రైతులకు ఏ రోజుది ఆ రోజు చేరవేసే ఏర్పాటు లైసెన్సు షరతుల్లో ఉండాలి, చెత్త బండికి ఎక్కించకూడదు.

తిండి గింజను మద్యానికి ఎలా ఇస్తారని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను. కానీ మామూలు సీసా బీర్లలో బియ్యం, మొక్కజొన్న ఇప్పటికే వాడుతున్నారు. అప్పుడు రాని అభ్యంతరం జొన్న దగ్గర మాత్రమే రావడం న్యాయం కాదు.

ఎక్సైజ్ శాఖను నేను కోరేది ఇదే. తెలంగాణలో పండిన జొన్నను కనీసం మూడో వంతు వాడిన బీరుకు సుంకంలో స్పష్టమైన తగ్గింపు ఇవ్వాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘం నుంచి నేరుగా కొన్న బిల్లు, డబ్బు రైతు ఖాతాలో పడ్డ రుజువు చూపిస్తేనే ఆ తగ్గింపు వర్తించాలి. లేకపోతే దళారీ ఎక్కడిదో గింజ తెచ్చి మన పేరు మీద అమ్ముతాడు. బ్రూవరీల లెక్కలు ఎలాగూ ఎక్సైజ్ అధికారులు చూస్తున్నారు, ఆ రిజిస్టర్‌లో ఇంకో గడి పెడితే సరిపోతుంది. వచ్చే యాసంగి విత్తనాలు వేసేలోపు ఈ ఉత్తర్వు వస్తే మా ఊళ్లో ఎవరు ఎంత జొన్న వేయాలో ముందే మాట్లాడుకుంటాం.

ఇట్లు
ఒక పాఠకుడు
జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా