జోస్యం వేశారు, తప్పిన సంగతీ వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం. రామగుండం దగ్గర భూకంపం వస్తుందన్న జోస్యం మీ పేపర్లో వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం.

2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా మా వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఎలుకేమో అనుకున్నా. మంచం కూడా ఊగేసరికి ఇంటిల్లిపాదీ వీధిన పడ్డాం. మేడారం అడవుల్లో పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.3. హైదరాబాద్, విజయవాడల్లోనూ తెలిసింది. సాయంత్రానికల్లా శకునాలు మొదలు. ముందు రోజు మబ్బు తీరే వేరుగా ఉందట, రాత్రంతా కుక్కలు ఏడ్చాయట, ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలింది అందుకేనట!

అంతకు నాలుగు రోజుల ముందే ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటిందని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మబ్బు పట్టక ఏం చేస్తుంది? ఇక కుక్కలంటారా, మా సందులో అవి ఏడవని రాత్రి లేదు.

ముందస్తు సూచనలన్నీ బూటకమని నేననను. ఒత్తిడికి రాయి పగిలితే లోపలి రేడాన్ వాయువు నీళ్లలో చేరుతుంది. 1995 కోబె భూకంపానికి ముందు బావి నీళ్లలో అది పెరిగినట్టు జపాన్‌లో నమోదైంది. కానీ వానకీ గాలి పీడనానికీ కూడా రేడాన్ మారుతుంది, అదీ చిక్కు. భూకంపాలకు ముందు పై వాతావరణంలో వచ్చే విద్యుత్ మార్పులేమైనా ఉన్నాయేమో చూడటానికి ఫ్రాన్స్ 2004లో డెమెటర్ ఉపగ్రహాన్నే పంపింది. 1975లో చైనాలోని హైచెంగ్‌లో చిన్న ప్రకంపనలు వరసగా వస్తుంటే జనాన్ని ఇళ్లలోంచి బయటికి పంపారు, తర్వాత పెద్ద భూకంపం వచ్చినా ఎన్నో ప్రాణాలు దక్కాయి. మరుసటి ఏడే అక్కడి తాంగ్‌షాన్ నగరం ఏ హెచ్చరికా లేకుండా భూకంపానికి కూలింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలోనే 2,42,000. అమెరికాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1993లోపు భూకంపం వస్తుందని పరికరాలు పెట్టుకుని కూర్చుంటే, అది 2004లో చెప్పాపెట్టకుండా వచ్చింది.

2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర భూకంపం వస్తుందని ఆ జోస్యం తిరిగింది. హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి ఇంట్లో పడుకోవద్దంది. రెండు రాత్రులు వాకిట్లో దోమలకు రక్తం పోశాం.

అలాంటివి అసలు వేయొద్దనడం లేదు. చోటు, రోజులు, తీవ్రత మూడూ స్పష్టంగా చెప్పినవాళ్లవే వేయండి. గడువు దాటిన మర్నాడు అదే పేజీలో, అంతే సైజు అక్షరాలతో ‘రాలేదు’ అనీ వేయండి. రామగుండం జోస్యం పేపర్ కటింగు నా దగ్గరుంది. రెండోది ఇంకా దొరకలేదు.

– విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, ఏటూరునాగారం