మంచుల గోధుమ కంకులు, మన సలేశ్వరం

ఎడిటర్ గారికి నమస్తే,

మా మేనల్లుడు మ్యూనిఖ్‌ల జాబ్ చేస్తడు, మొన్న ఆస్ట్రియాల హైలిగెన్‌బ్లూట్ అనే ఊరికి పోయి ఫొటోలు పంపిండు, అవి చూసినంక ఈ ఉత్తరం రాయబుద్ధయింది. ఆల్ప్స్ కొండల్ల దాదాపు 1300 మీటర్ల ఎత్తుల చిన్న ఊరు, ఎనక 3798 మీటర్ల గ్రోస్‌గ్లోక్నర్ శిఖరం, ముంగట సూదిలెక్క గోపురమున్న చర్చి. ఊరి పేరుకే పవిత్ర రక్తం అని అర్థం. బ్రిక్సియస్ అనేటాయన కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏసు రక్తమున్న చిన్న సీసా తెస్తుంటే 914ల మంచు మీదవడి చచ్చిపోయిండట, ఆ మంచుల్నుంచి మూడు గోధుమ కంకులు మొలిస్తే జనం ఆయన శవాన్ని గుర్తువట్టిన్రట. కథే అనుకోండ్రి, మన స్థలపురాణాలు గిట్లనే ఉండయా! చర్చి మాత్రం 1491ల పూర్తయింది. ఒకప్పుడు ఆ కొండల్ల బంగారం తవ్వేటోళ్లు. 1935ల కొండమీద పెద్ద రోడ్డు వడ్డది, అయినా ఇప్పటికీ ఏటా జూన్‌ల అవతలి లోయ జనం కొండ దాటి ఈ చర్చికి యాత్రగ నడుచుకుంటనే వస్తరు.

నాకైతే మన సలేశ్వరం జాతర యాదికొచ్చింది. చైత్ర పున్నానికి నల్లమలల రాళ్లమీద నడిచి, లోయలకు దిగి, జలపాతం కాడ లింగమయ్యను చూస్తం, చెంచులే పూజారులు. కానీ నేను పోయినప్పుడు దారిపొడుగునా ప్లాస్టిక్ సీసాలే, అది పులులు తిరిగే అడవి సారూ! జాతర అయిన తెల్లారే అవి ఎత్తిపియ్యాలె, చెంచు పెద్దల నోట్ల ఉన్న కథలు గూడ ఎవరన్న రాసిపెట్టాలె.

— ఒక పాఠకుడు, అచ్చంపేట